చెల్లెలు నింపిన ట్యూబు

పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, బోణీ కోసం ఎదురుచూస్తున్న మనిషి దగ్గరికొచ్చి, "అన్నా, జర ఇందులో ఉమ్ముతరా?" అని అడిగింది ఆ అమ్మాయి.

సాయిదీప్ చేతిలోంచి అగ్గిపెట్టె జారిపడింది.

"ఏందీ?"

"ఉమ్ము అన్నా. ఈ గీత దాకా వస్తే చాలు." చిటికెన వేలంత ప్లాస్టిక్ ట్యూబును ఆమె తక్కెడ పక్కన నిలబెట్టింది.

"మేడమ్, ఇది కిరాణా కొట్టు. పప్పున్నది, ఉప్పున్నది. మీరడిగింది మాత్రం మేం అమ్మం."

"అమ్మొద్దు, ఊకెనే ఇయ్యండి. అందరి నోట్ల ఉండేదే గద."

నవ్వకూడదనుకుంటూనే నవ్వాడు సాయిదీప్. ఆమె కూడా నవ్వింది. ఎండకు కమిలిన ముఖం, భుజానికి పెద్ద పెట్టె, తీరిగ్గా జడేసుకునే సమయం లేక ముడేసుకున్న జుట్టు. బోణీ సంగతి మరిచిపోయి ఆ ముడి వైపే చూస్తుండిపోయాడు.

ఆమె పేరు అరుణశ్రీ. వాళ్లది మొయినాబాద్ అవతల హిమాయత్‌నగర్ అనే పల్లె. నాన్న శివయ్య బంతిపూలు, కూరగాయలు పండిస్తాడు. ఆమె సిటీలో చదువుకుని, అక్కడే ఒక పరిశోధనలో పని చేస్తోంది.

"కొందరికి చదువుడు నీళ్లు తాగినంత అలకగుంటది. కొందరికి ఎంత తెలివున్నా అక్షరాలు లొంగవు. అది రక్తంలనే వస్తదా, వస్తే ఎంతమట్టుకు వస్తదని చూస్తున్నం. అందరి దగ్గర ఉమ్ము తీసుకుంటం, ఒక పేజీ చదివిపిస్తం. అంతే. మీ ఇంట్ల మూడు తరాలు ఒక్కకాడనే ఉన్నరంట గద అన్నా, గందుకే వచ్చిన."

సాయిదీప్ ట్యూబును ఆమె వైపు జరిపాడు.

"మా ఇంట్ల అందరికీ చదువు మస్తుగ వస్తది. వేరే ఇల్లు చూస్కో."

"మస్తుగ వచ్చేటోళ్లు కూడా కావాలన్నా."

ఆమె ప్రతి మాటకూ తగిలిస్తున్న ఆ 'అన్నా' ఒకటి, ఆ చదివే పేజీ ఒకటి. రెండింటిలో ఏది ఎక్కువ బాధపెడుతోందో సాయిదీప్‌కి తెలియలేదు.

అక్షరాలకూ అతనికీ చిన్నప్పటి నుంచీ పడదు. విడివిడిగా ఒక్కో అక్షరం తెలుసు. అవన్నీ కలిసి వరసగా నిలబడ్డాయంటే మాత్రం పెళ్లిపందిట్లో పిల్లల్లా అటూ ఇటూ పరుగెత్తుతాయి. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోతుంది. పదో తరగతి ఎలాగో గట్టెక్కాడు. ఇంటర్ మధ్యలో "కొట్టు చూసుకుంట" అని వచ్చేశాడు. మాటకారి, లెక్కలో చురుకు. ఎవరికీ అనుమానం రాలేదు. సంగతి తెలిసింది చెల్లెలు సాయిశ్రీకి ఒక్కదానికే.

పైగా ఆ కొట్టు అతని కోసమే కట్టినట్టు ఉండేది. చేవెళ్ల కూరగాయల మార్కెట్‌కి పోయే దారిలో ముకుందం సేటు కొట్టంటే తెలియనివాళ్లు లేరు. అక్కడ చీటీ నడవదు. పెళ్లి సామాను రాసుకొచ్చినా సరే, "చదువు, వింట" అంటాడు ముకుందం. ఒక్కసారి వింటే చాలు, జీలకర్ర దగ్గర్నుంచి వక్కల దాకా ఒక్కటి తప్పకుండా కట్టిస్తాడు. డబ్బాల మీద పేర్లుండవు. ఎర్రమూత కందిపప్పు, నల్లమూత మినప్పప్పు, తెల్లమూత పెసరపప్పు. నోటిమాట మీద నడిచే కొట్టని జనం గొప్పగా చెప్పుకుంటారు.

అంతలో ముకుందమే వచ్చాడు. సంగతంతా విని, మీసం దువ్వుకుని, "మా అమ్మ ఒప్పుకుంటే చూద్దాం బిడ్డా" అన్నాడు. ఆమె ఒప్పుకోదన్న ధీమా ఆ గొంతులో బాగానే వినిపించింది.

*

ముకుందం తల్లి కన్యకాపరమేశ్వరికి ఎంగిలంటే సరిహద్దు తగాదా లాంటిది. ఆ ఇంట్లో మంచినీళ్లు ఎత్తిపోసుకునే తాగాలి. వడ్డించే చెయ్యి కంచానికి తగలకూడదు. రుచి చూసిన గరిటె మళ్లీ గిన్నెలోకి పోవడానికి వీల్లేదు. సాయిదీప్ తల్లి పోయాక ఆ ఇంటిని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆమె. అలాంటి ఆమె ముందు ట్యూబులు వరసగా పేర్చింది అరుణశ్రీ.

"ఎంగిలి పట్టుకపోయి ఏం చేస్తవే?" ముక్కు మీద వేలేసుకుంది ముసలావిడ.

"అండ్ల మన వంశం సంగతంతా ఉంటదవ్వా."

"మా వంశం సంగతి నన్నడుగు, చెప్త. ఉమ్ముడెందుకు?"

"మీరు చెప్తే మీకు తెల్సిందే చెప్తరు. ఇది మీకు తెల్వనిది గుడ చెప్తది." అంటూ అరుణశ్రీ గ్లవుజులు తొడుక్కుంది. "ఉమ్మేది మీరు, ముట్టేది నేను. దోషముంటే నాకే చుట్టుకుంటది. సరేనా?"

ముసలావిడ ఆమెను కింద నుంచి పైదాకా చూసింది.

"ఎవరి బిడ్డవే నువ్వు? నోరు బాగనే తిరుగుతున్నది." తీర్పు చెప్పింది. "ఇంట్ల కుదరదు. పెరట్ల, బట్టలుతికే బండకాడ కానియ్యి. అందరం స్నానాలు చెయ్యకముందే."

మర్నాడు పొద్దున పెరట్లో బండ చుట్టూ కూర్చున్నారు. ట్యూబు నింపే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. లేవగానే టీ పడకపోతే మాట పెగలని ఇల్లది. అందరి నోళ్లూ ఎండిపోయాయి. ముకుందం ట్యూబును నోటి దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. ఒక్క చుక్క లేదు.

"చింతతొక్కు తలుసుకోండ్రి" అంది కన్యకాపరమేశ్వరి. "పచ్చిమిరపకాయలేసి నూరి, పైకెల్లి నువ్వులనూనె పోసి, వెల్లుల్లి పోపు పెట్టి, ఏడేడన్నంల..."

"చాలు నానమ్మా, చాలు!" అంటూ సాయిశ్రీ గబగబా ట్యూబు అందుకుంది.

సాయిదీప్ తన ట్యూబు పట్టుకుని లేచాడు. "అందరి ముందట నాకు సిగ్గు. అవతలికి పోయి నింపుకొస్త." పోతూ పోతూ చెల్లెలికి కళ్లతో సైగ చేశాడు.

స్నానాలగది వెనక్కి వచ్చిన సాయిశ్రీ సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"ఇది గుడ నేనే నింపాల్నా? నా నోరేమన్న బోరుబావా?"

"జర చూడవే. అండ్ల తెలుస్తదేమో నాకు చదువురాదని. ఆమెకు తెలుస్తది."

"ఆమెకు తెలిస్తే ఏంది?" అని అన్న ముఖం చూసి ఆగిపోయింది సాయిశ్రీ. "ఓహో. గట్లనా కథ!"

"కథలేదు, గితలేదు. నింపు."

చెల్లెలు నింపింది. అన్న మూత బిగించి, తానే నింపినట్టు నోరు తుడుచుకుంటూ తెచ్చిచ్చాడు. ఇంక చదవాల్సిన పేజీ మిగిలింది. సాయిశ్రీ గుర్రం పరుగెత్తినట్టు చదివేసింది. నానమ్మ బడి మొహమే చూడలేదు. ముకుందం గిరాకీ వచ్చిందన్నాడు. సాయిదీప్ లోడు దిగుతోందన్నాడు.

"సరే, రేపొస్త" అంది అరుణశ్రీ.

*

ఆ రేపు తెగలేదు. ఆమె చేవెళ్లలో వేరే ఇళ్లకు వచ్చినప్పుడల్లా కొట్టు ముందు ఆగి, "టెస్టు ఈయాల చేద్దామా?" అనేది. సాయిదీప్ "రేపు" అనేవాడు. ఆమె రావాలి, టెస్టు జరగకూడదు. టెస్టు అయిపోతే ఆమె మళ్లీ ఎందుకొస్తుంది? భయం కోసం అడ్డం పెట్టిన 'రేపు' కాస్తా కొన్నాళ్లకు ప్రేమ కోసం అడ్డం పెట్టిన 'రేపు' అయిపోయింది. రెండూ ఒక్క మాటలోనే ఇమిడిపోవడం సాయిదీప్‌కి బాగా కలిసొచ్చింది.

ఆమె ఫోన్లో టైపు చేసి పంపేది. అతను ఫోన్ చేతనే చదివించుకుని, జవాబు గొంతుతో రికార్డు చేసి పంపేవాడు.

"ఎప్పుడు చూసినా వాయిస్ మెసేజేనా? రెండు ముక్కలు రాస్తే వేళ్లు అరుగుతయా?"

"నా గొంతు బాగుంటదని పంపుతున్న. వద్దంటే చెప్పు."

కాసేపాగి నవ్వుతున్న బొమ్మ ఒకటి వచ్చింది. వద్దని మాత్రం రాలేదు.

ఒకరోజు అజీజ్‌నగర్ ఫాంహౌసులకు సామాను దించి, ఖాళీ ట్రాలీ ఆటోతో తిరిగొస్తుంటే మొయినాబాద్ దగ్గర వాన అందుకుంది. ముందు నాలుగు చినుకులు, అంతలోనే ఎవరో తూము తెరిచినట్టు. రోడ్డు పక్క బజ్జీల బండి టార్పాలిన్ కింద, పెట్టెను గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది అరుణశ్రీ. షేర్ ఆటోలేవీ ఆగడం లేదు.

సాయిదీప్ ట్రాలీ ఆపి పరుగున వచ్చాడు. ఆ పది అడుగుల్లోనే నిలువునా తడిశాడు.

"నీకు వాన కనవడ్డదా లేదా?" అంది ఆమె.

"నువ్వు కనవడ్డవ్. వాన తర్వాత కనవడ్డది."

ఆమె ముఖం తిప్పుకుంది. చెవి దాకా ఎర్రబడింది. 'అన్నా' అన్న మాట ఎక్కడో జారిపోయిందని సాయిదీప్ అప్పుడే గమనించాడు. ఎక్కడ పోయిందో వెతకదలుచుకోలేదు.

పాత పేపర్లో మిర్చిబజ్జీలు వచ్చాయి. తినడం పూర్తికాకుండానే ఆమె పేపరు మడత విప్పి చదవడం మొదలుపెట్టింది.

"గది గుడ చదువుతరా ఎవరన్న?"

"నాకు అలవాటే. పొట్లం కట్టిన కాగితం, మందు డబ్బా, బస్సు వెనక రాతలు, ఏదున్నా సరే. చూడు, ఇండ్ల ఒక కథున్నది. పెళ్లికొడుకు పీటల మీదకెల్లి లేసి పోయిండంట. నా ముక్కల ఇంతే ఉన్నది. నీ ముక్కల మిగిలింది ఉన్నదేమో, చదువు చదువు!"

అతని చేతిలోని కాగితం మీద నూనె మరకల మధ్య అక్షరాలు బిలబిలమన్నాయి. ఆమె కళ్లు ఆశగా అతని పెదవుల మీద ఆగాయి. ఒక్క క్షణం. సాయిదీప్ కాగితాన్ని గట్టిగా నలిపి వానలోకి విసిరేశాడు.

"నా కథ!" అని అరిచింది అరుణశ్రీ.

"పెళ్లికొడుకు వాపస్ వచ్చిండు. అంతే."

"నువ్వు చదవనే లేదు! ఏం మనిషివి నువ్వు? ఒకళ్లకు ఇష్టమున్నదాన్ని గట్ల నలిపి పారేస్తరా?"

ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. అతను ట్రాలీ వెనక్కి తిప్పి ఇంటివైపు దిగబెడుతుంటే, దారంతా బయటికే చూస్తూ కూర్చుని, హిమాయత్‌నగర్ మలుపు దగ్గర దిగుతూ, "రేపు రాను" అంది. 'రేపు' ఆమె నోట్లోంచి అలా రావడం అతనికి అస్సలు నచ్చలేదు.

*

ఆమె నిజంగానే రాలేదు. వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం ఉన్నప్పుడు ఫోన్ మోగింది. చేతులకు బెల్లం అంటి ఉందని మోచేత్తో ఫోన్ నొక్కాడు సాయిదీప్. స్పీకర్లో మరమనిషి గొంతు ఖంగుమంది.

"అరుణశ్రీ నుంచి సందేశం. నువ్వు నన్ను మోసం చేసినవ్. ఇప్పుడే వస్తున్న. ఎక్కడికీ పోకు."

శనగపప్పు కోసం వచ్చిన మారయ్య తాత, "నేను మళ్లొస్త సేటూ" అన్నాడు కానీ కదల్లేదు. ముకుందం కొడుకు వైపు చూశాడు. కొడుకు బెల్లం వైపు చూశాడు.

ఆమె స్కూటీ ఆపడం, మెట్లెక్కడం ఒకేసారి జరిగినట్టనిపించింది. ముకుందం గిరాకీనంతా పంపేసి షట్టరు సగానికి దించాడు. లోపలి నుంచి నానమ్మ, సాయిశ్రీ గుమ్మంలోకి వచ్చారు.

"మీకు కవలపిల్లలా అంకుల్?" అని ముకుందాన్ని అడిగింది అరుణశ్రీ.

"లేదు బిడ్డా. వీడు పెద్ద, అది చిన్న."

"మరి లాబ్‌లనేమో సాయిదీప్ ట్యూబుల ఉన్నది ఆడపిల్ల అని వచ్చింది. పైగా సాయిశ్రీ ట్యూబు, ఆ ట్యూబు ఒక్క మనిషివే అంట. అంటే మీ అబ్బాయి మీ అమ్మాయేనా?"

సాయిశ్రీ పమిట కొంగులాగా చున్నీ నోటికడ్డం పెట్టుకుంది, నవ్వాగక. తర్వాత అరుణశ్రీ ముఖం చూసి మానేసింది.

"మా లాబ్ పెద్ద నాగేందర్ సార్ ఏమన్నరో తెల్సా? ఇండ్లకు పోవుడు బద్దకమై, నేనే ఒక్కళ్ల దగ్గర రెండు నింపుకొచ్చిన్నంట. నేను తెచ్చిన శాంపిళ్లన్నీ పక్కకు పెట్టిన్రు. నా నౌకరి పోతే పోయింది, దొంగ లెక్కలు రాసిందన్న పేరు నాకెందుకు?"

"ట్యూబులు తారుమారైనయేమో..." అని మొదలుపెట్టాడు సాయిదీప్.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తారుమారైతే పేర్లు అంటించిన తప్పు ఆమెదే అవుతుంది. అది అర్థమయ్యాక ఆ అబద్ధం అతని గొంతు దాటి రాలేదు. నిజం చెప్తే ఆమె ఇక తనవైపు ఎలా చూస్తుందో తెలుసు. పొట్లం కాగితాన్ని కూడా వదలని పిల్ల.

"తారుమారు కాలే. నేనే సాయిశ్రీతోని నింపిపిచ్చిన. నాకు చదువురాదు, అరుణా."

"ఏందీ?"

"అక్షరాలొస్తయి. చదువుడు రాదు. పేజీ చూస్తే తల తిరుగుతది. నీ మెసేజులన్నీ ఫోనే చదివి చెప్తది. ఆనాడు బజ్జీల కాగితం గందుకే నలిపిన. నీ కథ మీద కోపం కాదు. నీ ముందట నత్తినత్తిగ చదువుతనని భయం. నడువు, మీ సార్‌కు నేనే చెప్త."

ముందుగా మాట్లాడింది ముకుందం.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు చిన్నబోతవని. నువ్వేమో చీటీ లేకుండ కొట్టు నడిపే మొనగాడివి."

ముకుందం బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. మీసం దువ్వుకోబోయి చెయ్యి దించేశాడు.

"చీటీ ఎందుకు నడువదురా మన కొట్ల? చదువొస్తే చీటీ తీసుకోకపోతునా? పేర్లొస్తే మూతలకు రంగులెందుకు ఏపిస్త?" అతను డబ్బాల వరస వైపు చెయ్యి చూపించాడు. "నీ అసుంటిదే నాది గుడ. పోయిన మీ అమ్మకొక్కదానికే తెల్సుండె."

"నాకు తెల్వదనుకున్నవారా?" అంది గుమ్మంలోంచి కన్యకాపరమేశ్వరి. "మీ నాయన గుడ గంతే. పేపర్ ముందట పెట్టుకుని కూసునేటోడు, పేజీ తిప్పేటోడు కాదు. నిన్ను, వీన్ని చూసి గుడ నేను సప్పుడు చెయ్యకుంట ఊకున్న."

అరుణశ్రీ కళ్లు తుడుచుకుంటూ, "మూడు తరాలు!" అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. "వరసగ మూడు తరాలు, ముగ్గురు ముగ్గురికీ! అంకుల్, మీరు ఎంత మంచి కుటుంబమో మీకు తెల్వదు!"

"ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ఈ పిల్లకు సంబరమేందే?" అని నానమ్మ సాయిశ్రీని అడిగింది.

*

ఆ సాయంత్రమే పెరట్లో సాయిదీప్ తన ట్యూబు తానే నింపాడు, అందరి ముందూ. తర్వాత పేజీ. అరుణశ్రీ ఎదురుగా కూర్చుంది. మొదటి వాక్యంలోనే రెండుసార్లు తడబడ్డాడు. ఆమె అందించలేదు, తొందరపెట్టలేదు, ముఖం పక్కకు తిప్పుకోలేదు. అతను చివరి మాట దాకా చేరాక, పొలం గట్టు మీద కూర్చున్నంత తీరిగ్గా కాళ్లు చాపుకుంది.

"మార్కులెన్ని?"

"మార్కులుండవ్. ఇది బడి కాదు."

సాయిదీప్ బండ మీద నీళ్ల చారను వేలితో సాగదీస్తూ అడిగాడు. "మా తాతకు, మా నాన్నకు, నాకు. రేపు నా పిల్లలకు గుడ వస్తదా?"

"రావచ్చు. వేరేటోళ్ల కంటే కొంచెం ఎక్కువనే. కానీ ఖాయమని ఎవ్వరు చెప్పలేరు. ఇదేం ఒక్క జీన్ కాదు. వందలున్నయి, ఒక్కోటి చిటికెడంత. మీ నానమ్మ తొక్కుల మెంతులున్నయి. ఏ గింజ చేదు తెచ్చిందో చెప్తవా? గట్లనే ఇదీ. తెలివికి దీనికి సంబంధం లేదు. చిన్నప్పుడే గుర్తు పడితే, ఓపికగ నేర్పేటోళ్లుంటే, చదువుతరు."

"ఎవరు నేర్పుతరు గంత ఓపికగ?"

"ఇంట్ల ఒకళ్లకన్న చదువుడు పిచ్చుంటే..." అని చప్పున ఆగిపోయింది. ట్యూబులు సర్దుకోవడం మొదలుపెట్టింది. "గిట్లాంటివి మనం మాట్లాడొద్దు. మీరు స్టడీల ఉన్నరు. నేను స్టడీ మనిషిని. రూల్ ఒప్పుకోదు."

మళ్లీ 'మీరు' అయిపోయాడు. సాయిదీప్ లేచి నిలబడ్డాడు.

"అయితే నేను తప్పుకుంట. తప్పుకోవచ్చా?"

ఆమె చేయి ఆగిపోయింది. "ఇంత అయినంక? ...తప్పుకోవచ్చు. ఎప్పుడన్న తప్పుకోవచ్చు. నీ ఇష్టం."

"ఎందుకని అడుగవా?"

"అడుగొద్దు. కారణం అడుగొద్దని రూలే ఉన్నది."

"అడుగు."

"అడుగొద్దంటే!"

"అడుగు బిడ్డా" అని వంటింటి కిటికీలోంచి వినిపించింది. "వాడు చెప్పనీకె సస్తున్నడు."

అరుణశ్రీ కిటికీ వైపు చూసింది, అతని వైపు చూసింది. "ఎందుకు?" అంది, వినిపించీ వినిపించకుండా.

"స్టడీల ఉంటే నిన్ను లగ్గం చేసుకోనీకె రాదు గద, గందుకు."

వంటింట్లో ఏదో గరిటె కింద పడింది. సాయిశ్రీ ఈల వేసింది. అరుణశ్రీ తల వంచుకుని పెట్టె మూత వేసింది. అది పడలేదు. మళ్లీ వేసింది.

"నువ్వు తప్పుకోవద్దు" అంది చివరికి. "గిట్లాంటి మూడు తరాలు నాకు మళ్ల దొరకవు. మీ ఇంటి పని నేను వదిలేస్త. రేపటికెల్లి నాగేందర్ సారే వస్తడు."

"మరి నువ్వు?"

"నేను ఆదివారం వస్త. మా బాపుతోని మాట్లాడి."

"ఏం పని మీద వచ్చినవని మా నాన్న అడిగితే?"

"గంత గొంతున్నది గద నీకు. నువ్వే చెప్పుకో."

స్కూటీ దాకా సాగనంపడానికి అతను వెంట నడిచాడు. వెనక నుంచి కన్యకాపరమేశ్వరి కేక వేసింది.

"ఆదివారం తినకుంట రమ్మను! వాళ్ల బాపును గుడ తోల్కొని రమ్మను! పులిహోర చేస్త!"

"మీ బాపుకు పులిహోర ఇష్టమేనా?" అని భయంభయంగా అడిగాడు సాయిదీప్.

"బాపుకు ఇష్టమే" అంది అరుణశ్రీ, స్కూటీ స్టార్ట్ చేస్తూ. "నాకు నువ్వు."

అతను తేరుకునేసరికి ఆమె మార్కెట్ మలుపు తిరిగిపోయింది.